ఎర్ర చుక్కల సర్వోలు

డిసెంబరు 2, 1986. మంగళవారం

సర్వోలు వచ్చాయి. విశాఖపట్నంలో ఓడ దిగిన తాతాజీ రిజిస్టర్డు పార్శిలు చేశాడు. తాతాజీ నా రేడియో కొట్లోనే రెండేళ్ళు సోల్డరింగు నేర్చుకుని, ఓడ మీద వైర్‌లెస్ ఆపరేటరయ్యాడు. "మాస్టారికి, సింగపూరు నుంచి" అని చీటీ పెట్టాడు. పార్శిలు మీద లక్క సీలు ఒకటి చిట్లి ఉంది. పోస్టుమేన్ని అడిగితే "దార్లో చిట్లిందేమోనండి" అన్నాడు. ఏమో అంటే ఎలా? లోపల నాలుగూ సరిగ్గా ఉన్నాయి కాబట్టి సంతకం పెట్టాను.

ఒక్కోటి రెండు అగ్గిపెట్టెలంత బుల్లి మోటారు. లోపల బాల్ బేరింగులు. చేతిలో ఉన్న రేడియో పెట్టె మీద పుల్ల ఎటు తోస్తే సర్వో చెయ్యి అటు తిరగాలి. రెండు సర్వోలు బొమ్మ హెలికాప్టరు తల మీది రెక్కల్ని ఆడిస్తాయి, ఒకటి తోకని, ఒకటి ఇంజన్ని. వీటిలో ఒక్కటి అర సెకను ఆలస్యంగా కదిలినా బొమ్మ నేలకి కొట్టుకుంటుంది. తిరిగే రెక్క తగిలితే మనిషి వేళ్ళు పోతాయి.

హెలికాప్టరు సాలమోనుది. మా ఆవిడ ఎలీసమ్మ తమ్ముడు. తాటిపాకలో చమురు కంపెనీ క్యాంపు స్టోర్సులో కాజువల్ మనిషి, నాలుగేళ్ళుగా అంతే. డ్రిల్లింగుకి వచ్చిన దొర ఒకడు ఆదివారాలు దీన్ని ఎగరేసేవాడు, సాలమోను పెట్టె మోసేవాడు. దొర నిరుడు వెళ్ళిపోతూ ఎగరెయ్యడం నేర్పి మరీ దీన్ని వీడి చేతిలో పెట్టాడు. మొన్న ఆగస్టు వరదకి వాడింట్లో మొలలోతు నీళ్ళు నిలిచి పాత సర్వోల్లోకి ఒండ్రు దూరింది. అందుకని ఇప్పుడు కొత్తవి వేస్తున్నాను. బొమ్మ వాడిది, సర్వోలు నావి. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకోవడం మంచిది.

ఈ పుస్తకం కొట్లో పాత వాల్వుల పెట్టె అడుగున దాస్తున్నాను. ఎలీసమ్మ స్కూలు టీచరు. కాగితం కనబడితే చదవకుండా ఉండలేదు.

డిసెంబరు 5

కొత్త సర్వోల గేర్లు పొడిగా ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకుంటే కీచుమంటున్నాయి. మన గాలిలో ఉప్పు సంగతి సింగపూరు వాళ్ళకేం తెలుసు. నూనె వెయ్యాలి.

వీరన్న సైకిలు కొట్లో మిషనాయిలు సీసా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మూత మీద సీలు వంకరగా ఉంది. తీస్తే కిరసనాయిలు వాసన. తిరిగి వెళ్ళి అడిగాను.

"అది మిషనాయిలు వాసనేనండి కనకరత్నం గారూ, అలాగే ఉంటాదండి" అన్నాడు వీరన్న, నవ్వుతూ. నేను ఎవర్నీ ఊరికే అనుమానించను. కానీ నవ్వవలసిన అవసరం ఏముంది? సీసా తెచ్చి అలమారలో పై అరలో పడేశాను.

మా పెరట్లో చెట్టు కాయలు, నేనే ఎండబెట్టిన కొబ్బరి. ఎర్రయ్య గానుగ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని నా కళ్ళముందు ఆడించిన నూనె. ఈ అమలాపురం మొత్తం మీద కల్తీ లేదని నేను ప్రమాణం చెయ్యగల వస్తువు అదొక్కటే. హెలికాప్టరు ఇంజను తాగేది ఆముదం కలిపిన స్పిరిట్టే కదా. ఇంజనుకి ఆముదం పనికొస్తే సర్వోకి కొబ్బరినూనె పనికిరాదా? నాలుగూ విప్పి, ఇంజక్షను సిరంజితో పన్ను పన్నుకీ రెండేసి చుక్కలు వేశాను. కీచుమనడం మానేశాయి.

డిసెంబరు 7, ఆదివారం

చర్చి అయ్యాక భోజనం చేసి, మధ్యాహ్నం మూడింటికి కాలవ అవతల కోసేసిన చేలో ఎగరేశాం. పుల్ల మీద వేలు కదిలేసరికి రెక్క కదులుతోంది. సాలమోను దాన్ని తలెత్తున గాలిలో కట్టేసినట్టు నిలబెట్టాడు. చేలో పనలు కడుతున్నవాళ్ళు పని ఆపి చూశారు.

"ఇలాగ దొరగారి చేతిలో కూడా ఎగరలేదండి బావగారూ" అన్నాడు.

నాకు చాలా సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి, కళ్ళు తడిశాయి కూడా. వాడు చూడకుండా తుడుచుకున్నాను.

డిసెంబరు 14, ఆదివారం

పాడైంది.

చర్చికి ముందే ఒకసారి చూద్దామని పొద్దున్న ఏడింటికి చేలోకి పట్టుకెళ్ళాం. మంచు పడుతోంది. ఎగరేసే ముందు పుల్ల తోసి చూస్తే సర్వో చెయ్యి బద్ధకంగా, పక్కలోంచి లేచేవాడిలా కదిలింది. నాలుగూ అంతే. ఎగరెయ్యలేదు. బ్యాటరీ చూశాను, నిండుగా ఉంది. వైర్లు చూశాను, బాగున్నాయి.

"బావగారూ, నాకో డవుటండి. ఆ నూనె..." అన్నాడు సాలమోను.

"నూనె సంగతి నాకు చెప్పకు. అది నా కళ్ళముందు ఆడించిన నూనె."

"ఆయ్" అన్నాడు. వేలితో సర్వోని తడిమి చూస్తూ కూర్చున్నాడు. ఆ తడమడం నాకు నచ్చలేదు.

డిసెంబరు 15

మధ్యాహ్నం కొట్లో జనం లేనప్పుడు నూరు క్యాండిల్ బల్బు కింద నాలుగూ విప్పి చూశాను. లోపల అద్దంలా ఉంది, నూనె నిగనిగలాడుతోంది. బిగించి పుల్ల తోస్తే చకచకా కదిలాయి. అంటే నిన్న పొద్దున్నకీ ఈ మధ్యాహ్నానికీ మధ్య ఎవరో ఏదో చేశారు. లేకపోతే నిన్న పొద్దుటికి ముందే చేసి మళ్ళీ తీసేశారు.

డిసెంబరు 18

పొద్దున్న ఏడింటికి: బద్ధకం. మధ్యాహ్నం రెండింటికి: చురుకు. మూడు రోజులుగా ఇదే వరస. పొద్దుటి పూట ఎవడో ఇదే ఫ్రీక్వెన్సీ మీద ఇంకో రేడియో పెట్టె వాడుతున్నాడా అని రెండు రోజులు రేడియో తిప్పుతూ విన్నాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఆలోచించవలసిన విషయమే.

డిసెంబరు 21, ఆదివారం

నాలుగు సర్వోల అడుగునా ఎర్ర సిరాతో చుక్క పెట్టాను, ఆవగింజంత. ఎవరికీ కనబడదు. ఇవి ఇవేనా కాదా అన్నది ఇక నాకు తెలుస్తుంది.

నేను చుక్కలు పెడుతుంటే ఎలీసమ్మ వెనకాల నుంచుని ఉంది, నేను చూసుకోలేదు.

"నాక్కూడా ఓ చుక్క పెట్టుకోండి, స్కూలు నుంచి వచ్చింది నేనో కాదో తెలుస్తాది" అంది.

సాయంత్రం సాలమోను వచ్చి హెలికాప్టర్ని తాటిపాక పట్టుకెళ్ళాడు, క్రిస్మసుకి పిల్లలకి చూపిస్తానని. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద దుప్పటి కప్పి కూర్చున్నాడు. బొమ్మకి దుప్పటి ఎందుకో.

డిసెంబరు 25

పండగ. సాలమోను, వాడి భార్య నాగమణి వచ్చారు. నాగమణి మేం తెచ్చిన చీరే కట్టుకుంది. హెలికాప్టరు గురించి నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు?

డిసెంబరు 29

ఇవాళ క్యాంపు నుంచి సూర్యారావుగారు జీపులో నా కొట్టుకి వచ్చారు. అక్కడ ఇన్‌స్ట్రుమెంటు ఇంజనీరు, కపిలేశ్వరపురం మనిషి, మర్యాదస్తుడు. టేప్ రికార్డరు బాగుచెయ్యమని ఇచ్చి కూర్చున్నారు.

"మీ బావమరిది నిన్న పొద్దున్నే క్యాంపులో హెలికాప్టరు ఎగరేసేడండి. ఏడున్నరకి, మంచులో. అసలు వణకలేదండి. అలాంటి చేతులున్న మనిషి స్టోర్సులో బస్తాలు ఎత్తుకోవడం ఏవిటండి. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసేక పెద్దవాళ్ళందరి ముందూ ఎగరెయ్యమన్నాను. వాళ్ళు చూస్తే మా సెక్షనులో పర్మనెంటుకి పేరు పంపుతానండి."

"చాలా సంతోషమండి" అన్నాను.

సంతోషమే. వాడికి పర్మనెంటయితే ఎలీసమ్మ కన్నా ఎక్కువ సంతోషించేవాణ్ణి నేనే. కానీ ఏడున్నరకి? మంచులో? నా దగ్గర పొద్దున్న ఒక్కసారి కదలని సర్వోలు వాడి దగ్గర పొద్దున్నే వణక్కుండా ఎలా ఎగురుతాయి?

డిసెంబరు 30

ఎలా?

జనవరి 4, 1987. ఆదివారం

నిన్న సాయంత్రం హెలికాప్టర్ని తెప్పించాను, తోక సరిచెయ్యాలని చెప్పి. కొట్లో పెట్టి తాళం వేసి తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. పొద్దున్న ఏడింటికి సాలమోను ఎదురుగానే పుల్ల తోశాను. అదే బద్ధకం. వాడి దగ్గర ఎగిరిన సర్వోలు నా దగ్గరికొస్తే ఎగరవు.

"ఏం చేశావు వీటిని?" అని అడిగాను.

"ఏం చెయ్యలేదండి. బావగారూ, చలికి..."

"చలేస్తే దుప్పటి కప్పుకో. ఎలాగూ బొమ్మకి కూడా కప్పుతున్నావుగా."



చుక్కలు చూశాను. నాలుగూ ఉన్నాయి. కానీ ఎర్ర సిరా ఏ కొట్లోనైనా దొరుకుతుంది. చుక్క పెట్టడానికి ఎంతసేపు?

నేను ఎవర్నీ ఊరికే అనుమానించను. కాగితం మీద పెట్టి చూస్తే మాత్రం ఒక్కటే దారి కనబడుతోంది. వాడి దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. నావి వాడు ఉంచుకుని, అలాంటివే నాసిరకానివి నాకు తెచ్చి చూపిస్తున్నాడు. ఇరవై ఆరు అయ్యాక నావి అమ్మేసుకుంటాడు. కాకినాడలో ఇలాంటివి కొనేవాళ్ళు ఉండకపోరు.

జనవరి 5

రాసింది మళ్ళీ చదువుకున్నాను. మధ్యాహ్నాలు ఎందుకు బాగుంటున్నాయో దీంట్లో రాలేదు. అది తర్వాత ఆలోచించాలి.

జనవరి 10, రెండో శనివారం

చెప్పకుండా వెళ్ళాను. మొదటి బస్సుకి గన్నవరం అక్విడక్టు వంతెన మీదుగా తాటిపాకలో దిగేసరికి ఏడు. వాడి ఇంటి అరుగు మీద నులకమంచం, మంచం మీద హెలికాప్టరు, హెలికాప్టరు మీద దుప్పటి. పక్కన సాలమోను. నన్ను చూడగానే దుప్పటి కిందనుంచి ఏదో లాగి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏవిట్రా అది?"

తప్పక చూపించాడు. గుడ్డలో చుట్టిన ఇటుక. వేడిగా ఉంది.

"ఇదెందుకు?"

"కాపడానికండి."

"ఎవరికి?"

వాడు నాగమణి వంక చూశాడు. నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ తాగేంతసేపూ ఇంట్లో అందరి నడకా గమనించాను. సాలమోను కుంటలేదు. నాగమణి కుంటలేదు. వాళ్ళ అమ్మ మోకాలు అని అబద్ధం చెప్పడానికి అత్తగారు పోయి ఆరేళ్ళయింది.

ఇటుకతో దేన్ని కొడుతున్నాడో?

గోడకి ఆకుపచ్చ సైకిలు ఆనించి ఉంది, కొత్తది. వీడి పాత సైకిలు వరదలో కొట్టుకుపోయింది.

"క్యాంపుదండి. డ్యూటీకి ఉంచుకోమని సూర్యారావుగారు ఇచ్చేరండి" అన్నాడు, నేను అడగకుండానే.

నాలుగేళ్ళుగా ఇవ్వనివాళ్ళు ఇప్పుడే ఎందుకిచ్చారు? అడక్కుండా ఎందుకు చెప్పాడు?

వచ్చేటప్పుడు నాగమణి సంచిలో అరటిపళ్ళు పెట్టి ఇచ్చింది. బస్సులో ఒక్కటి కూడా తినలేకపోయాను.

జనవరి 13

ఎలీసమ్మతో చెప్పాను. ఆవిడ దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీదనుంచి తల ఎత్తలేదు.

"వాడు అయిదేళ్ళప్పుడు దొరికిన అణా బిళ్ళ చర్చి చందా సంచిలో వేసి వచ్చేడండి. మా నాన్న కొట్టేరు కూడాను, ఇంట్లో ఇవ్వలేదని."

"అది చిన్నప్పుడు" అన్నాను.

"మీరు మాత్రం చిన్నప్పుడూ ఇంతేనంట. అత్తయ్యగారు చెప్పేవోరు."

జనవరి 18, ఆదివారం

చర్చికి వచ్చేటప్పుడు హెలికాప్టర్ని కూడా తెమ్మని కబురు పెట్టాను. తెచ్చాడు. బస్సు దిగుతూనే "వెంటనే ఎగరేద్దాం బావగారూ" అన్నాడు. ఎందుకా తొందర? కానీలే, ముందు చుక్కలు చూడాలన్నాను. కొట్టు అరుగు మీద పెట్టి, భూతద్దంతో ఒక్కొక్క చుక్కా చూశాను. అరగంట పట్టింది. పక్కన నుంచుని వాడు చేతులు నలుపుకుంటున్నాడు. ఆ తర్వాత పుల్ల తోస్తే ఏముంది, బద్ధకం.

వాడి మొహంలో భయం కనబడింది. ఇరవై ఆరుకి ఇంకా ఎనిమిది రోజులు.

జనవరి 20, మంగళవారం

చెయ్యవలసింది చేశాను.

క్యాంపుకి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ లాజరు ఆపాడు. సాలమోనుని పిలిపించమన్నాను. వాడు స్టోర్సులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అదే సమయానికి సూర్యారావుగారి జీపు గేటు దగ్గర ఆగింది. దేవుడే పంపాడనుకున్నాను.

అన్నీ చెప్పాను. సింగపూరు సర్వోలు, చుక్కలు, రెండు సెట్లు, వేడి ఇటుక, ఆకుపచ్చ సైకిలు. నా గొంతు కొంచెం పెద్దదే, గేటు అవతల హోటల్లో వాళ్ళు కూడా బయటికొచ్చి నుంచున్నారు. "నా వస్తువు మార్చేసినవాడు రేపు మీ స్టోర్సులో వస్తువు మార్చడని నమ్మకం ఏవిటండి" అన్నాను.

సాలమోను నోరు మెదపలేదు. తల వంచుకుని నుంచున్నాడు. తప్పు చేసినవాడికి నోరెలా వస్తుంది?

సూర్యారావుగారు నేను చెప్పిందంతా జీపులోంచే విన్నారు. తర్వాత అన్నారు: "స్టోర్సు మనిషి మీద ఇలాంటి మాట వచ్చేక నేను పేరు ఎలా పంపనండి. సాలమోనూ, తాళాలు ఇచ్చేసి ఇంటికెళ్ళు. విచారణ అయ్యేదాకా రావద్దు. ఇరవై ఆరున ప్రోగ్రాం లేదు."

వాడు తాళాలు లాజరు చేతిలో పెట్టాడు. లోపలికి వెళ్ళి హెలికాప్టరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. దుప్పటి కూడా ఇచ్చాడు.

"చలిలో పెట్టకండి" అన్నాడు.

జనవరి 21

మధ్యాహ్నం విప్పి చూశాను. బాల్ బేరింగులు. తాతాజీ పంపినవే. అంటే నిన్న ఆఖరి నిమిషంలో మళ్ళీ మార్చేసి ఉంటాడు.

జనవరి 22

ఎలీసమ్మ నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి వెళ్ళిపోతోంది. వాడు ఆవిణ్ణి కూడా తనవైపు తిప్పుకున్నాడు.

ఆఖరి నిమిషంలో ఎలా మారుస్తాడు? లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో తెచ్చి ఇచ్చాడు కదా.

జనవరి 23, శుక్రవారం

పొద్దున్న ఆరున్నరకి తలకి రాసుకుందామని నూనె సీసా వంచాను. రాలేదు. బోర్లించాను. రాలేదు.

మూడు రోజుల్లో మొదటిసారి ఎలీసమ్మ మాట్లాడింది. "పేరుకుపోయిందండి. ఎండలో పెట్టాలని తెలీదా? ఇవాళ స్కూల్లో ఇనస్పెక్షను, నేను పెట్టలేను."

సీసా అలాగే పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ప్రతి చలికాలం మా ఇంట్లో ఆ సీసా ప్రహరీ గోడ మీద ఎండలో ఉంటుంది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఉంటోంది. మా అమ్మ పెట్టేది, తర్వాత ఎలీసమ్మ. పది గంటలకల్లా కరుగుతుంది. మధ్యాహ్నానికి నీళ్ళలా అవుతుంది.

లేచి కొట్లోకి వెళ్ళి, ఎప్పుడూ మధ్యాహ్నం విప్పే సర్వోని ఇప్పుడు విప్పాను. తెల్లగా ఉంది. గేరు పళ్ళ సందుల్లో, ఇరుసు చుట్టూ, నెయ్యిలా పేరుకుని ఉంది. వేలు ఆనిస్తే కరిగింది. ఇన్నాళ్ళూ నూరు క్యాండిల్ బల్బు కింద నేనే దాన్ని కరగబెట్టి, అద్దంలా ఉందని రాసుకున్నాను.

వేడి ఇటుక.

ఇంకేమీ రాయలేను.

జనవరి 24, శనివారం

తాటిపాక వెళ్ళాను. నాగమణి వాకిలి ఊడుస్తోంది. లోపలికి రమ్మనలేదు.

"మీ సర్వోలు దొరికేయాండి అన్నయ్యగారూ?" అంది.

దొరికాయన్నాను. చీపురు పక్కన పెట్టి వెళ్ళి మొగుణ్ణి పిలిచింది. సాలమోను నాలుగు రోజుల గడ్డంతో వచ్చి, మంచం మీది చాప దులిపి "కూర్చోండి బావగారూ" అన్నాడు. వాడు తిడితే బాగుండునని అనిపించింది. కూర్చోలేకపోయాను.

"నూనె పేరుకుందిరా" అన్నాను.

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి కదలనప్పుడే డవుటొచ్చిందండి. ఇక్కడికి తెచ్చేక నాగమణి తలనూనె సీసా చూసి ఖాయం చేసుకున్నానండి. ఇటుక కాచి, గుడ్డ చుట్టి, పావుగంట పక్కన పెడితే కదిలేదండి."

"కాపడానికన్నావు."

"కాపడానికే కదండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు వాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

"నువ్వే విప్పి నూనె తుడిచెయ్యచ్చు కదా."

"మీరు వేసిన నూనె నేను తీసేస్తే బాగోదు కదండి. మీరు మెకానిక్కు. నలుగురూ ఏమనుకుంటారు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, అయినా వాడి మీదే అరిచాను. "అయితే నాకు చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్పేనండి" అన్నాడు, మెల్లిగా. "మూడుసార్లు చెప్పేనండి."

నాగమణి చీపురు మళ్ళీ తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది, అప్పటికే ఊడ్చిన చోట.

అక్కడినుంచి క్యాంపుకి వెళ్ళి సూర్యారావుగారితో వాతావరణం వల్ల యంత్రంలో చిన్న ఇబ్బంది వచ్చిందని

కొట్టేస్తున్నాను. ఈ పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకు. ముందు అలాగే చెప్పాను, నిజమే. "వాతావరణం వల్ల ఏం వచ్చిందండి?" అని అడిగారు. పేరుకుందన్నాను. "ఏం పేరుకుందండి?" అన్నారు. చెప్పాను. గేటు దగ్గరే, లాజరు వింటుండగా, హోటలు ముందు టీ తాగేవాళ్ళు వింటుండగా చెప్పాను. మంగళవారం ఎంత గొంతుతో చెప్పానో ఇవాళా అంత గొంతుతో చెప్పాలని వెళ్ళాను. అంత రాలేదు.

"కొబ్బరినూనా?" అన్నారు సూర్యారావుగారు. టీ తాగేవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "మనిషిని ఇంటికి పంపించేసేం కదండీ. సరే, ఎల్లుండి ప్రోగ్రాంకి రమ్మనండి. పేరు సంగతి మాత్రం పెద్దవాళ్ళు చూసేక. ఇప్పుడు నేను మాటివ్వలేను" అన్నారు.

జనవరి 25, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. నాలుగు సర్వోలూ విప్పి పెట్రోలుతో కడిగాను, బ్రష్షుతో పన్ను పన్నూ. అలమారలో పై అరనుంచి వీరన్న మిషనాయిలు తీశాను. చిన్న చుక్క గాజు పలక మీద వేసి మంచులో పెట్టి చూశాను. పేరుకోలేదు. మంచి నూనె. సీలు వంకరగా ఉండటం వంకరగా ఉండటమే, అంతకన్నా ఏమీ లేదు.

అడుగున ఎర్ర చుక్కలు పెట్రోలుకి పోయాయి. మళ్ళీ పెట్టలేదు.

జనవరి 26, సోమవారం

ఎలీసమ్మా నేనూ హెలికాప్టరు పట్టుకుని మొదటి బస్సుకే వెళ్ళాం. క్యాంపులో ఎనిమిదింటికి జెండా ఎగరేశారు. మంచుకి జెండా బట్ట కర్రకి అంటుకుపోయింది. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. సాలమోను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. సంచి అడుగున ఇటుక ఆకారం కనబడింది. కనబడనట్టు నేను పక్కకి చూశాను.

వాడు సర్వో చెయ్యి మీద వేలు పెట్టి కదిపి చూశాడు. పుల్ల తోశాడు. చటుక్కున కదిలింది. నాలుగూ కదిలాయి. నా వంక చూసి, సంచిని కాలితో కుర్చీ కిందికి తోసేశాడు.

ఎగిరింది. మంచులోకి పోయి కనబడకుండా చప్పుడు మాత్రం వినబడి, మళ్ళీ ఎక్కడినుంచి లేచిందో అక్కడికే వచ్చి దిగింది. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. కుర్చీల్లో ఒకాయన సూర్యారావుగారిని పిలిచి ఏదో అడిగారు, ఆయన కాగితం మీద పేరు రాసుకున్నారు. ఎలీసమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి తుడుచుకోలేదు.

స్టోర్సు తాళాలు మాత్రం వాడికి ఇంకా తిరిగి ఇవ్వలేదు. లాజరు నడుముకే ఉన్నాయి. విచారణ అని కాగితం మీద ఎక్కింది కాబట్టి, ఆ కాగితం పైకి వెళ్ళి కిందికి రావాలిట. అందాకా వాడు స్టోర్సులోకి వెళ్ళినప్పుడల్లా వెనకాల ఒక మనిషి వెళ్ళి నుంచుంటాడు. నేను పెట్టిన మనిషి.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటినుంచీ చదివాను. మూడుసార్లు చెప్పానన్నాడు. డిసెంబరు 14న "ఆ నూనె" అన్నాడు. జనవరి 4న "చలికి" అన్నాడు. రెండే ఉన్నాయి. మూడోది ఎంత వెతికినా లేదు. వాడు లెక్క తప్పి ఉండవచ్చు. లేదా కొంచెం పెంచి చెప్పి ఉండవచ్చు, నొప్పి మీద ఉన్న మనిషి.

జనవరి 27

నిద్ర పట్టక పొద్దున్నే మళ్ళీ క్యాంపుకి వెళ్ళాను. గేటు దగ్గర సాలమోను, లాజరు టీ తాగుతున్నారు.

"మూడోసారి ఎప్పుడు చెప్పావురా?" అని అడిగాను.

చెప్పమన్నాను. రెండుసార్లు అడిగాక చెప్పాడు.

"ఇక్కడేనండి. మంగళవారం. 'నూనె పేరుకుంది బావగారూ, ఎండలో పెట్టి చూపిస్తాను, ఒక్క పావుగంట ఆగండి' అన్నానండి. మీరు సైకిలు గురించి అంటున్నారండి అప్పుడు."

"ఆయ్, అన్నాడండి" అన్నాడు లాజరు. "రెండుసార్లు అన్నాడండి. నాకు వినబడింది. సూర్యారావుగారు జీపులో ఉన్నారు, ఇంజను ఆపలేదు కదండి, ఆయనకి వినబడి ఉండదు."

సాలమోను నాకు కూడా టీ తెప్పించాడు. తాగాను.

ఇంటికొచ్చి జనవరి 20 పేజీ తీశాను. "సాలమోను నోరు మెదపలేదు" అని ఉంది. దస్తూరి నాదే.

ఈ పుస్తకం ఇక వాల్వుల పెట్టెలో పెట్టను. ఎలీసమ్మ పరీక్ష పేపర్ల పక్కన, బల్ల మీద పెడుతున్నాను.